ఒక్కరి భోజనానికి రసీదు: ‘టోక్యో ఎక్స్‌ప్రెస్’ నవలపై సమీక్ష

బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి గత వేసవిలో అనంతపురం వచ్చినప్పుడు, రైళ్ల కథ కనుక నీకు నచ్చుతుందంటూ ఒక చిన్న పుస్తకం నా చేతిలో పెట్టాడు. పేరు ‘టోక్యో ఎక్స్‌ప్రెస్’, రచయిత సెయిచో మత్సుమోతో. ‘తబి’ అనే యాత్రా పత్రికలో 1957-58లో ధారావాహికగా వెలువడి, 1958లో పుస్తకంగా వచ్చిన ఈ నవలకు జపనీస్‌లో ‘టెన్ టు సెన్’ అని పేరు. చుక్కలు, గీతలు అని ఆ మాటలకు అర్థం. నేను చదివింది జెస్సీ కర్క్‌వుడ్ చేసిన ఇంగ్లీషు అనువాదం. పెంగ్విన్ సంస్థ దానిని తన మోడరన్ క్లాసిక్స్ వరుసలో 2022లో ప్రచురించింది. గుంటకల్లు రైల్వే క్వార్టర్లలో పెరిగినవాణ్ని కనుక మా వాడు రైళ్ల మాట చెప్పి ఇచ్చాడు గానీ, ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వ కార్యాలయాల అకౌంట్స్ సెక్షన్లలో పనిచేసిన మనిషిగా నన్ను పట్టి కూర్చోబెట్టింది రైళ్లు కాదు, ఫైళ్లు. డిటెక్టివ్ నవల అనే మాట వినగానే పక్కన పెట్టే పాఠకులు మనలో చాలామంది ఉన్నారు. వారికోసమే ఈ సమీక్ష కొంత వివరంగా రాస్తున్నాను.

కథ మొదలయ్యేది హత్యతో కాదు, విందుతో. టోక్యోలోని అకసకా ప్రాంతంలో ‘కోయుకి’ అనే భోజనశాల ఉంటుంది. యంత్ర పరికరాలు అమ్మే యసుదా అనే వ్యాపారి అక్కడికి తరచూ అతిథులను తీసుకువస్తాడు. ఆ అతిథులు ప్రభుత్వ శాఖల అధికారులు. ఆయన వ్యాపారం గత కొన్నేళ్లలో వేగంగా పెరిగిందనీ, దానికి ప్రభుత్వ కొనుగోళ్లే ఆధారమనీ రచయిత ఒకటి రెండు వాక్యాల్లో చెప్పి ముందుకు వెళ్లిపోతాడు. అధికారులు ఎవరో, ఏ శాఖవారో వడ్డించే అమ్మాయిలు అడగరు. అడగకూడదని వారికి తెలుసు. టెండర్ల సీజనులో బళ్లారి రోడ్డు హోటళ్లలో ఎవరు ఎవరికి భోజనం పెట్టిస్తున్నారో చూసినవారికి ఈ నాలుగు పేజీలు చాలు. ఈ రచయితకు లోపలి సంగతులు తెలుసునని నమ్మకం కుదురుతుంది. లంచం అనే మాట ఆ పేజీల్లో ఎక్కడా లేదు. బిల్లు ఎవరు కట్టారన్నది మాత్రమే ఉంది.

తరువాత జనవరి నెల చలి ఉదయాన, దేశానికి మరో చివర ఉన్న ఫుకుఓకా దగ్గర కషీ సముద్రతీరాన రెండు శవాలు కనిపిస్తాయి. ఒకరు ఆ భోజనశాలలో పనిచేసే ఒతోకి. మరొకరు సయామా అనే ప్రభుత్వోద్యోగి. ఆయన పనిచేసే మంత్రిత్వ శాఖ పేరును రచయిత చెప్పడు. ఆ శాఖలో అవినీతి విచారణ జరుగుతున్నదనీ, సయామా అక్కడ సెక్షన్ అధికారికి సహాయకుడనీ మాత్రం చెబుతాడు. ఇద్దరూ కలిసి రైలెక్కడాన్ని టోక్యో స్టేషన్‌లో చూసిన సాక్షులున్నారు, పక్కన విషం కలిపిన నారింజ రసం సీసా ఉంది. ప్రేమికుల జంట ఆత్మహత్య అని పోలీసులు ఫైలు మూయడానికి సిద్ధమవుతారు. ఇలాంటి చావుకు జపాన్‌లో చాలా పాత సంప్రదాయమూ, దానికొక పేరూ ఉన్నాయి. అందరికీ తెలిసిన కథ ఒకటి సిద్ధంగా ఉంటే విచారణ ఎంత సులభంగా ముగుస్తుందో మత్సుమోతో ఇక్కడ చూపిస్తాడు.

ఫైలు మూతపడకుండా ఆపింది ఒక చిన్న కాగితం. సయామా జేబులో రైలు భోజనశాల బోగీ రసీదు దొరుకుతుంది, దానిపై ‘ఒక్కరు’ అని ఉంటుంది. తొరిగాయి అనే వయసు మళ్లిన స్థానిక పోలీసు ఆ ఒక్కరు అన్న మాట దగ్గర ఆగిపోతాడు. ప్రేమించినవాడితో చావడానికి వెళ్తున్న స్త్రీ, తనకు ఆకలి లేకపోయినా, అతడు తింటున్నప్పుడు ఎదురుగా కూర్చోదా? ఈ ప్రశ్నను ఆయన ఇంటికి తీసుకువెళ్లి కూతురిని అడుగుతాడు. ఆడిట్‌లో పనిచేసినవారికి ఈ ఘట్టం ఎంతో ఆప్తంగా తోస్తుంది. పెద్ద తప్పులు పెద్ద కాగితాల్లో దొరకవు. వాటిని జాగ్రత్తగా సరిచేసి పెట్టి ఉంటారు. అవి దొరికేది లారీ కిరాయి ఓచర్‌లోనో, తేదీ మారిన డెలివరీ చలానాలోనో, ఎవరూ పట్టించుకోని భోజనం బిల్లులోనో. తొరిగాయి చిరిగిన కోటూ, మాసిన బూట్లూ వేసుకున్న మామూలు ఉద్యోగి. మత్సుమోతోకు ముందు జపాన్‌లో రాజ్యమేలిన అపరాధ కథల్లో మేధావి డిటెక్టివు, తాళం వేసిన గది, చిక్కుముడి ఎక్కువగా ఉండేవి. మత్సుమోతో తరువాత స్థిరపడిన ధోరణికి ‘షకాయ్‌హా’, అంటే సామాజిక ధోరణి, అని పేరు వచ్చింది. అందులో హత్య ఎలా జరిగిందన్న దానికంటే ఎందుకు జరగవలసి వచ్చిందన్నదే ముఖ్యం. ఆ కారణం ఎప్పుడూ ఒక మనిషి మనసులోనే ఉండదు, ఒక కార్యాలయంలోనో కంపెనీలోనో ఉంటుంది.

నవలలో నన్ను అన్నిటికంటే కలచివేసిన సంగతి సమీక్షకులు సాధారణంగా ఎత్తిచూపేది కాదు. చావుకు ముందు సయామా ఫుకుఓకాలోని హకాతా ప్రాంతంలో ఒక సత్రంలో మారుపేరుతో కొన్ని రోజులు ఒంటరిగా ఉంటాడు. ఎక్కడికీ వెళ్లడు. టెలిఫోన్ కోసం ఎదురుచూస్తూ ఉంటాడు, అంతే. ఆయన ఎవరి మాట మీద అక్కడికి వచ్చాడో, ఆ ఫోన్ ఎందుకు రావాలో పోలీసులకు చాలా ఆలస్యంగా తెలుస్తుంది. లంచాల వ్యవహారంలో వివరాలన్నీ తెలిసిన నడిమి ఉద్యోగిని విచారణ వేడి తగ్గేవరకు కనబడకుండా ఉండమని పైవారు పంపించడం, అతడు అదంతా తన మేలుకేనని నమ్మి వెళ్లడం, ఇదే ఈ నవలకు గుండెకాయ.

ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. 1990ల చివర్లో నేను పనిచేసిన ఒక కార్యాలయంలో సరఫరా కాని సరుకుకు బిల్లు పాసైంది. స్టాకు రిజిస్టరులో నమోదు లేదు, బిల్లుపై మాత్రం మా సూపరింటెండెంట్ గారి ఇనీషియల్ ఉంది. పాస్ చేయమని పై అధికారి నోటితో చెప్పాడు గానీ నోట్‌ఫైలులో ఒక్క అక్షరం రాయలేదు. ఆడిట్ బృందం వస్తున్నదని తెలిసిన రోజు ఆయనే సూపరింటెండెంట్ గారిని పిలిచి, పది రోజులు మెడికల్ లీవు పెట్టి ఇంట్లో ఉండండి, అంతా నేను చూసుకుంటాను, అవసరమైతే ఫోన్ చేస్తాను అన్నాడు. నేను చూడబోతే ఆయన భార్య వాకిట్లోనే నన్ను ఆపి, “ఫోన్ కాడనే కూర్చోనుంటాడన్నా, అన్నానికి పిలిచినా లేయడు” అంది. ఆ ఫోన్ రాలేదు. పదకొండో రోజున రిజిస్టర్డ్ పోస్టులో చార్జి మెమో వచ్చింది. ఆయనకు పూర్తి పెన్షన్ ఏళ్ల తరబడి నిలిచిపోయింది. పై అధికారి అంతకంటే పెద్ద కార్యాలయానికి బదిలీ అయ్యాడు. సయామా హకాతా సత్రంలో కూర్చున్న గది నాకు కొత్తది కాదు. ఆ గదిని నేను గుమ్మంలో నిలబడి చూశాను.

మత్సుమోతో దీనిని ఊహించి రాయలేదు. ఈ నవలకు కొద్ది ఏళ్ల ముందే, 1954లో, జపాన్‌ను నౌకా నిర్మాణ కుంభకోణం కుదిపేసింది. ఓడల నిర్మాణానికి తీసుకునే అప్పులపై ప్రభుత్వం వడ్డీ రాయితీ ఇచ్చే చట్టం కోసం నౌకా సంస్థలు రాజకీయ నాయకులకు డబ్బు పంచాయన్నది ఆరోపణ. అధికార పార్టీ ప్రధాన కార్యదర్శి ఎయిసాకు సాతోను అరెస్టు చేయడానికి ప్రాసిక్యూటర్లు సిద్ధమైనప్పుడు, న్యాయశాఖ మంత్రి తన అధికారాన్ని ఉపయోగించి ఆ అరెస్టును ఆపించాడు. అదే సాతో 1964 నుంచి 1972 వరకు ప్రధానమంత్రిగా ఉన్నాడు, 1974లో నోబెల్ శాంతి బహుమతి కూడా అందుకున్నాడు. విచారణ ఎంత ఎత్తు వరకు వెళ్లగలదో, ఎక్కడ ఆగిపోతుందో ‘టోక్యో ఎక్స్‌ప్రెస్’ను తొలిసారి చదివిన జపనీయులకు ఎవరూ చెప్పనవసరం లేదు. నవలలో శాఖ పేరు చెప్పకపోవడం కూడా అందువల్లనే అంత బలంగా పనిచేస్తుంది. ఎవరికి తెలిసిన శాఖ పేరును వారు ఆ ఖాళీలో పెట్టుకుంటారు.

రచయిత జీవితం కూడా ఇక్కడ చెప్పుకోదగినదే. 1909లో పుట్టిన మత్సుమోతో పెద్ద చదువులు చదువుకోలేదు. ఒక విద్యుత్ పరికరాల కంపెనీలో చిల్లర పనులు చేసే కుర్రాడిగా మొదలై, అచ్చుపని నేర్చుకొని, కొకురా పట్టణంలోని అసాహీ దినపత్రిక కార్యాలయంలో ప్రకటనల బొమ్మలు, అమరికలు వేసే విభాగంలో చేరాడు. యుద్ధం ముగిశాక ఇల్లు గడవక చీపుర్లు కూడా అమ్మాడు. రచయితగా పేరు వచ్చేటప్పటికి ఆయనకు నలభై దాటాయి. 1953లో జపాన్‌లో పేరున్న సాహిత్య పురస్కారమైన అకుతగవా బహుమతి వచ్చింది. పెద్ద సంస్థలో డిగ్రీ ఉన్నవారికీ లేనివారికీ మధ్య ఉండే గోడను ఆయన ఏళ్ల తరబడి కింది నుంచి చూశాడు. కాబట్టే ఆయన పుస్తకాల్లో గుమాస్తాలు, సహాయాధికారులు, స్టేషన్ సిబ్బంది అలంకారంగా రారు. వారి జీతం, వారి భయం, పైవారు చూపిన కాస్త ఆదరానికి వారు కరిగిపోయే తీరు ఆయనకు తెలుసు. సయామా లాంటివాడు డబ్బుకు లొంగాడా, లేక పై అధికారి తనను నమ్మాడన్న గౌరవానికి లొంగాడా అన్నది నవల తేల్చి చెప్పదు. నా అనుభవంలో రెండోదే ఎక్కువ.

ఇక రైళ్ల సంగతి. టోక్యో స్టేషన్‌లో 13వ ప్లాట్‌ఫారం మీద నిలబడి 15వ ప్లాట్‌ఫారాన్ని చూడాలంటే మధ్యలో రైళ్లు అడ్డం వస్తూనే ఉంటాయి. సాయంత్రం 5 గంటల 57 నిమిషాల నుంచి 6 గంటల 1 నిమిషం వరకు, ఆ నాలుగు నిమిషాలే, అడ్డు లేకుండా కనిపిస్తుంది. సయామా, ఒతోకి కలిసి ‘అసకాజె’ రైలెక్కడాన్ని సాక్షులు చూసింది ఆ నాలుగు నిమిషాల్లోనే. అది నిజంగా యాదృచ్ఛికమా అని టోక్యో పోలీసు మిహరా అడగడంతో కథ రెండో సగం మొదలవుతుంది. మిహరా పనిచేసేది అవినీతి, మోసాల కేసులు చూసే విభాగంలో. ఆయన అసలు వెతుకుతున్నది లంచాల వ్యవహారపు కొసను. అక్కడి నుంచి దేశానికి ఉత్తర కొసన ఉన్న హొక్కైదో దీవి వరకు, పడవల ప్రయాణికుల జాబితాలు, టెలిగ్రాములు, రైళ్ల రాకపోకల వేళలు ఒక్కొక్కటిగా పరీక్షించుకుంటూ వెళ్తాడు.

ఇందులో మరిచిపోలేని పేజీలు రెండు మూడు ఉన్నాయి. క్షయతో మంచం పట్టిన ఒక స్త్రీ రైల్వే టైంటేబుల్‌ను నవలలా చదువుతుంది. తాను పడుకున్న ఈ క్షణంలో దేశంలో ఏయే ఊళ్ల దగ్గర ఏయే రైళ్లు ఒకదానినొకటి దాటుకుంటున్నాయో ఊహించుకుంటూ ఒక చిన్న వ్యాసం రాస్తుంది. మా నాయన గుంటకల్లులో గార్డుగా పనిచేసేవారు. రాత్రి డ్యూటీ లేనప్పుడు వరండాలో పడుకొని, ఇప్పుడు మద్రాసు మెయిలు గుత్తి దాటుంటుంది, హుబ్లీ బండి బళ్లారిలో నీళ్లు పట్టుకుంటుంటుంది అని చెబుతుంటే మేము నిద్రపోయేవాళ్లం. బొంబాయి, మద్రాసు, బెంగళూరు, హుబ్లీ, గుంటూరు దారులన్నీ కలిసే జంక్షన్‌లో పెరిగిన పిల్లలకు ఆ వ్యాసం చదువుతుంటే ఒళ్లు పులకరిస్తుంది. అంత అందమైన పేజీలు నేరానికి ఎలా పనికివస్తాయో చివరికి తెలిసినప్పుడు కలిగే బాధ వేరు. నిమిషం తప్పని రైళ్లున్న దేశంలో, ఆ క్రమశిక్షణనే తొడుగుగా వేసుకొని నేరం నడుస్తుందని మత్సుమోతో చూపిన తీరు ఎంతో లోతైనది.

లోపాలు లేకపోలేదు. హొక్కైదో భాగంలో వేళలు, స్టేషన్ల పేర్లు కుప్పగా వచ్చి పడతాయి. పక్కన జపాన్ పటం పెట్టుకోకపోతే సగం మంది పాఠకులు అక్కడే ఆగిపోతారు. విమానం అనే ఆలోచన మిహరాకు అంత ఆలస్యంగా రావడం నేటివారికి వింతగా ఉంటుంది. 1957లో సామాన్యుడి ఊహలో విమాన ప్రయాణం లేదని గుర్తు చేసుకుంటేనే అది మింగుడుపడుతుంది. వీటికంటే పెద్ద లోపం ఒతోకి విషయంలో ఉంది. చనిపోయిన ఇద్దరిలో సయామా ఎవరో మనకు కొంతైనా తెలుస్తుంది గానీ ఆ అమ్మాయి ఎవరో, ఏం కోరుకుందో దాదాపు తెలియదు. పెద్దవారి లెక్కల్లో ఆమె ఒక ఉపకరణమని చూపించాలనుకున్న రచయిత, తానూ ఆమెను కొంతవరకు అలాగే వాడుకున్నాడు. కర్క్‌వుడ్ ఇంగ్లీషు మాత్రం తేటగా, బరువు లేకుండా సాగుతుంది. పదో తరగతి స్థాయి ఇంగ్లీషు వచ్చినవారు నిఘంటువు లేకుండా చదవగలరు.

ముగింపు గురించి కొంత చెప్పక తప్పదు. తెలుసుకోకూడదనుకునేవారు ఈ పేరా వదిలేయవచ్చు. హంతకుడెవరన్న అనుమానం సగం దాటకముందే పాఠకుడికి వచ్చేస్తుంది, కాబట్టి అక్కడ చెడిపోయేదేమీ లేదు. చివరి అధ్యాయంలో మిహరా తొరిగాయికి రాసిన పొడవైన ఉత్తరం ఉంటుంది. జరిగిందంతా అందులో వివరిస్తాడు, కానీ సాక్ష్యం చాలదని తానే ఒప్పుకుంటాడు. సయామా పై అధికారి, ఆ చావు వల్ల అందరికంటే ఎక్కువ లాభపడినవాడు, శిక్ష పడకుండా మరో పదవికి వెళ్లిపోతాడు. ఆ వాక్యాన్ని రచయిత కోపంగా రాయలేదు; బదిలీ ఉత్తర్వు రాసినట్టు రాశాడు. న్యాయం జరగని డిటెక్టివ్ నవల ఏం నవల అని మా మిత్రుడొకరు అన్నారు. నేను ఒప్పుకోను. హంతకుడికి ఉరి వేసి పుస్తకం ముగించి ఉంటే, ఆ కుర్చీని మనం మరిచిపోయేవాళ్లం.

ఈ నవల నచ్చినవారు తరువాత చదవవలసింది కవోరు తకమురా రాసిన ‘లేడీ జోకర్’. 1997లో జపనీస్‌లో వచ్చిన ఈ బృహన్నవల ఇంగ్లీషులో 2021, 2022లలో రెండు సంపుటాలుగా వెలువడింది. గుర్రప్పందాల దగ్గర పరిచయమైన ఐదుగురు, అంటే మందుల దుకాణం నడిపే ముసలాయన, లారీ డ్రైవరు, లేతు పనివాడు, రుణ సంఘం ఉద్యోగి, ఒక పోలీసు కలిసి ఒక పెద్ద బీరు కంపెనీ అధ్యక్షుణ్ని ఎత్తుకుపోతారు. 1984లో గ్లికో అనే మిఠాయిల కంపెనీ అధ్యక్షుణ్ని నిజంగానే ఎత్తుకుపోయారు. విషం కలిపిన మిఠాయిలతో ఆ ముఠా మరికొన్ని కంపెనీలనూ బెదిరించింది. నేరస్థులు ఈనాటికీ దొరకలేదు. ఆ సంఘటనే ఈ నవలకు ప్రేరణ. మత్సుమోతో కార్యాలయాన్ని బయటి నుంచి విచారణాధికారి కళ్లతో చూపిస్తే, తకమురా మనల్ని బోర్డు గదిలోనే కూర్చోబెడుతుంది. వాటాదారుల సమావేశాల్లో గొడవ చేస్తామని బెదిరించి కంపెనీల దగ్గర డబ్బు గుంజేవారిని జపాన్‌లో ‘సొకాయా’ అంటారు. వారికి డబ్బివ్వడాన్ని చట్టం 1980ల మొదట్లోనే నిషేధించింది. అయినా ఈ నవల వచ్చిన 1997లోనే నొమురా సెక్యూరిటీస్, దాయిఇచి కాంగ్యో బ్యాంకు అలాంటి చెల్లింపుల కేసుల్లో చిక్కుకున్నాయి. నవల చాలా నెమ్మదిగా నడుస్తుంది, రెండు సంపుటాలూ పూర్తి చేయడానికి నాకు రెండు నెలలు పట్టింది. కానీ విడుదలై వచ్చిన అధ్యక్షుడు పోలీసులకు ఏం చెప్పాలి, కంపెనీకి ఏం చెప్పాలి, తనకు తాను ఏం చెప్పుకోవాలి అని నలిగిపోయే అధ్యాయాల కోసం ఆ రెండు నెలలూ ఇవ్వవచ్చు.

హిదెవో యొకొయామా ‘సిక్స్ ఫోర్’ పోలీసు శాఖలోనే పరిపాలనా విభాగానికీ నేర పరిశోధన విభాగానికీ మధ్య సాగే పోరాటం. పత్రికా విలేకరిగా పన్నెండేళ్లు పనిచేసిన రచయిత కనుక అధికారులు సమాచారాన్ని ఎలా దాస్తారో అందులో బాగా తెలుస్తుంది. మియుకి మియాబె 1992లో రాసిన నవల ‘ఆల్ షి వాజ్ వర్త్’ అన్న పేరుతో ఇంగ్లీషులో ఉంది. కుటుంబపు అప్పుల్లో చిక్కుకొని, తన పేరునే వదిలించుకోవాలనుకున్న యువతి కథ అది. ఫోన్‌లో అప్పులిచ్చే యాప్‌ల బారిన పడిన పిల్లలున్న ప్రతి ఇంట్లో చదవదగినది.

పదవీ విరమణ చేసిన ఉన్నతాధికారులు, తాము అజమాయిషీ చేసిన కంపెనీల్లోనే పెద్ద ఉద్యోగాల్లో చేరడానికి జపాన్‌లో ‘అమకుదారి’ అని పేరుంది; ఆకాశం నుంచి దిగిరావడం అని అర్థం. ఈ ఒక్క మాట తెలిసి ఉంటే పై పుస్తకాల్లో అధికారి, వ్యాపారి మధ్య కనిపించే మర్యాద వెనుక లెక్క ఏమిటో సులభంగా అర్థమవుతుంది. కొత్తగా సర్వీసులో చేరినవారు, ముఖ్యంగా అకౌంట్స్, స్టోర్స్, టెండర్ల సెక్షన్లలో ఉన్నవారు, ‘టోక్యో ఎక్స్‌ప్రెస్’ నుంచి మొదలుపెట్టాలని నా గట్టి సిఫారసు. రెండు సాయంత్రాల్లో అయిపోతుంది. మొదటిసారి కథ కోసం చదివి, రెండోసారి ఏ నిర్ణయం కాగితం మీద ఉంది, ఏది నోటిమాటగా ఉంది అన్నది చూసుకుంటూ చదవండి.

నా ప్రతి ఇప్పుడు నా దగ్గర లేదు. మా సూపరింటెండెంట్ గారి అమ్మాయి ఇక్కడే అనంతపురంలో టీచరు. విషయం చెప్పి, చదువుతావా అమ్మా అని అడిగి ఇచ్చాను. వారం తరువాత ఫోన్ చేసి, “ఆ సత్రం గది దగ్గర ఆపేసినా మామా, కొన్నాళ్లాగి చదువుతా” అంది. తిరిగి ఇమ్మని నేను అడగలేదు. మరో ప్రతి తెప్పించమని మా అబ్బాయికి చెప్పాను.